సహజపాండిత్యము - గురూపదేశము

బమ్మెర పోతనామాత్యుఁడు తన భాగవతగద్యములందుఁ దన్ను సహజపండితునిగాఁ జెప్పికొనెను. ఈ యొక్క విశేషణము నాధారముగాఁ గొని, ఆయన గురుశుశ్రూష లేకయే మహాకవి యయ్యెనని పలువురు వ్రాసియున్నారు. దానినిబట్టి కవితకు శాస్త్రాభ్యాస మనావశ్యకమని విద్యార్థులు తలంచుటయుఁ గలదు. కావున నీ వాదము విమర్శింపఁదగియున్నది.

మొదట గ్రంథసాక్ష్యము. భాగవతావతారికలోఁ గవి తన యెఱుకకు మూఁడు మార్గములు చెప్పెను: పెద్దలవలన వినుట, స్వయముగాఁ జూచుట, తనకు బోధపడుట. ఇందు వినికిడియే ముందు నిలిచినది. ఇది వినయోక్తి యని త్రోసివేయ వీలులేదు. మూలమున గూఢముగా నున్న యర్థములను విశదపఱచునపుడు పోతన శ్రీధరస్వామి వ్యాఖ్య నాశ్రయించినట్లు విమర్శకులు చూపియున్నారు. తాళపత్రములయందున్న వ్యాఖ్యాతయు గురువే కదా! వీరభద్రవిజయము పోతనకృతమని యంగీకరించువారికి మఱియొక సాక్ష్యము గలదు. అందుఁ గవి యివటూరి సోమనారాధ్యుని గురువుగాఁ బేర్కొనెను.

అట్లని యుపదేశమే సర్వమనరాదు. వ్యాఖ్యాత శ్లోకార్థము చెప్పఁగలఁడు. గజేంద్రుని యార్తికిఁ దగిన తెనుఁగు నడకను జూపఁజాలఁడు. అష్టమస్కంధమున హరి లక్ష్మితో నైనఁ జెప్పక బయలుదేఱుట మూలమున లేదు. అది కవి సాహసించి చేసిన కల్పనము. ఆ నడక కుదిరినదో లేదో తెలిసికొనుటకుఁ దన చెవియే యాయనకుఁ బ్రమాణము.

అయినను జెవి యన్నిటికిని జాలదు. భాగవతమున రేఫ శకటరేఫముల సాంకర్యమున్నదని 17వ శతాబ్దివాఁడగు నప్పకవి దానిని లక్ష్యముగా గ్రహింపలేదని ప్రసిద్ధి. గ్రంథము శిథిలమై యితరులు పూరించిన భాగములందే యట్టి దోషములు గలవని కూచిమంచి తిమ్మకవి సమర్థించెను. ఎవరి వాదము నిలిచినను, ఒక సంగతి స్పష్టము. నేఁటి వ్యవహారమున నీ రెండక్షరములకు నుచ్చారణభేదము లేదు. ఎన్నిమాఱులు పద్యము చదివి చూచుకొన్నను శిష్యుఁడీ భేదమును దనంత గుర్తింపఁజాలఁడు. ఇచ్చట లక్షణవేత్తయుఁ బూర్వకవిప్రయోగములునే శరణ్యము.

కావునఁ బండితులు బోధనమున నీ విభాగమును బాటించుట యుక్తము. గణభంగమును, నడకలోని కుంటును శిష్యుఁడు వ్రాసి, చదివి, తానే పట్టుకొనవలెను. ముందే చెప్పినచో నాతని చెవి మేల్కొనదు. శకటరేఫమువంటి వానిని మాత్రము ముందుగనే చెప్పవలెను; చెప్పనిచో నాతని శ్రమ వ్యర్థమగును. సహజశబ్దమునకుఁ బుట్టుకతోడి ప్రతిభ యని యర్థము చెప్పవచ్చును. గురువక్కఱలేనితన మని చెప్పుటకు భాగవతమున నాధారము లేదు.