ఉద్దానం మూత్రపిండ వ్యాధి: పరిశోధనల తీరుపై ఒక విమర్శ

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస దాటి ఇచ్ఛాపురం వైపు సాగే తీరభూమికి ఉద్దానం అని పేరు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్యానవనంవలె ఉండుటచేత ఆ పేరు వచ్చినదంటారు. ఇక్కడి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో రెండు దశాబ్దాలకు పైగా ఒక మూత్రపిండ వ్యాధి ప్రబలి ఉన్నది. మధుమేహంగాని, తీవ్రమైన రక్తపోటుగాని లేని కష్టజీవులకు కూడా ఇది వస్తున్నది. మూత్రపిండాల శక్తి సగానికి పైగా క్షీణించేవరకు రోగికి బాధ తెలియదు. తెలిసేనాటికి చాలామందికి డయాలసిస్ తప్ప మార్గాంతరం ఉండదు. 2019లో ప్రచురితమైన ఒక సర్వే ప్రకారం ఈ ప్రాంతంలోని పెద్దలలో నూటికి సుమారు 18 మందికి మూత్రపిండ వ్యాధి ఉన్నది. వారిలో అధిక సంఖ్యాకులకు తెలిసిన కారణమేదీ కనిపించలేదు.

కారణం కోసం వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు, భూగర్భ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కృషి చేసినారు. నీటిలోని సిలికాను కొందరు శంకించినారు. భార లోహాలను, పురుగుమందులను, నొప్పి మాత్రలను, ఎండలో పనిచేసేవారి శరీరంలో నీరు తగ్గిపోవుటను మరికొందరు శంకించినారు. ఇవన్నీ పరిశీలించదగినవే. అయినప్పటికీ ఇంతవరకు ఏ ఒక్కటీ రుజువు కాలేదు. ఇందుకు వ్యాధి జటిలత ఎంత కారణమో, పరిశోధనలు విడివిడిగా సాగుట కూడా అంత కారణమని చెప్పక తప్పదు.

ఒక ఉదాహరణ చూడండి. మూత్రపిండాల పనితీరును రక్తంలోని క్రియాటినిన్ అనే పదార్థం వల్ల అంచనా వేస్తారు. ఇది కండరాలనుండి పుడుతుంది. కండ తక్కువగా ఉన్న మనిషిలో క్రియాటినిన్ కూడా తక్కువగానే ఉంటుంది గనుక, మూత్రపిండాలు దెబ్బతిన్నా లెక్కలో బాగున్నట్లు కనిపించవచ్చును. పైగా మనం వాడే సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల ప్రజలను కొలిచి తయారుచేసినవి. క్రియాటినిన్‌ను కొలిచే రసాయన పద్ధతులూ ఒకటికంటె ఎక్కువ ఉన్నవి. ఇక దీర్ఘవ్యాధి అని నిర్ణయించాలంటే మూడు నెలల తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఈ జాగ్రత్తలను అన్ని సర్వేలూ ఒకే తీరుగా పాటించలేదు. వేర్వేరు కుంచాలతో కొలిచిన ధాన్యాన్ని ఒకే రాశిగా పోసి లెక్క చెప్పగలమా?

నీటి పరీక్షలలో మరొక చిక్కు ఉన్నది. నేడు బావిలో తీసిన నీరు, రోగి ఇరవై ఏళ్ళ క్రితం త్రాగిన నీటిని గూర్చి సాక్ష్యమివ్వదు. వ్యాధి ఉన్న గ్రామాల నీటినే పరీక్షించి, వ్యాధి అరుదుగా ఉన్న గ్రామాల నీటితో పోల్చకపోతే ఆ ఫలితానికి అర్థం లేదు.

ఇట్టి చిక్కు ఉద్దానానికే పరిమితం కాదు. వెన్నుపాము గాయాల పరిశోధనలో కూడా ఇదే జరిగినది. తెగిన వెన్నుపాము తంతువులు తిరిగి అతకవని చాలాకాలం నమ్మినారు. 1981లో మాంట్రియల్‌లో డేవిడ్, అగ్వాయో అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగించి, కాలి నరపు ముక్కను మార్గంగా అమర్చితే ఆ తంతువులు పెరుగగలవని చూపినారు. ఆశ చిగురించి, అనేక ప్రయోగశాలలు అనేక చికిత్సలను ప్రకటించినవి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనా సంస్థ ఆ ప్రయోగాలలో కొన్నిటిని మళ్ళీ చేయించినది. 2012లో వాటిని సమీక్షించగా, వాటిలో అధికభాగం మొదటి ఫలితాన్ని ఇవ్వలేదని తేలినది. ఏ జాతి ఎలుక, ఎంత గాయం, ఎన్ని గంటలకు మందు అనే వివరాలు అందరూ ఒకే విధంగా నమోదు చేయకపోవుట ఒక లోపంగా గుర్తించినారు. 2014లో పరిశోధకులు కలసి నమోదుకు ఉమ్మడి నియమాలు ఏర్పరచుకొన్నారు. వెన్నుపాము ఇంకా అతకలేదు. కాని ఒకరి ఫలితాన్ని మరొకరు పరీక్షించుటకు వీలు కలిగినది.

మూత్రపిండ వ్యాధి విషయంలోనూ ఈ దారి తెరుచుకొన్నది. నికరాగువా, ఎల్ సాల్వడార్, శ్రీలంకలలోని వ్యవసాయ ప్రాంతాలలో ఇటువంటి వ్యాధియే ఉన్నది. దేశాల మధ్య పోలికకు వీలుగా 2017లో ఒక ఉమ్మడి సర్వే పద్ధతిని అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి. హిరమండలం జలాశయంనుండి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకం కూడా అప్పుడే ప్రారంభమైనది. ఇవి హర్షించదగినవి. కాని డయాలసిస్ యంత్రం ప్రాణాన్ని నిలుపుతుందేగాని కారణాన్ని చెప్పదు. నీరు మారిన తరువాత కొత్త రోగుల సంఖ్య తగ్గినదా లేదా అని ఏటేటా ఒకే కొలతతో లెక్కించాలి. అప్పుడే ఆ పథకం సహాయంతోపాటు ఒక గొప్ప ప్రయోగం కూడా అవుతుంది. ఎవరు తీసిన రక్తపు నమూనా అయినా, ఎవరు వ్రాసిన లెక్క అయినా, రోగుల పేర్లు గోప్యంగా ఉంచి, పలాసలో ఒకచోట భద్రపరచి, పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచాలి. రక్తమిచ్చిన గ్రామస్థునికి ఫలితం తెలుగులో తెలియజెప్పుట పరిశోధకుని కనీసధర్మం.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చర్చించవచ్చును. ఒకే బల్ల పొడవును పదిమంది విద్యార్థులచేత జానలతో కొలిపించి, తరువాత స్కేలుతో కొలిపించండి. ఉమ్మడి కొలత లేని శాస్త్రం ఎంతదూరం పోగలదో వారికే బోధపడుతుంది.