సిద్ధాంతగ్రంథపు అక్షరకూర్పు

విశ్వవిద్యాలయములకు సమర్పింపబడు సిద్ధాంతగ్రంథములలో విషయసంపదకు లోటు లేకున్నను, పుట విప్పగానే పదముల నడుమ వెలితిగా తోచు ఖాళీలు, వరుస తప్పిన పటముల సంఖ్యలు, ఉపయుక్తగ్రంథసూచిలో కానరాని గ్రంథమును పేర్కొను అధోజ్ఞాపికలు పాఠకుని కంటిలో నలుసులగుట తరచుగా చూచుచున్నాము. పూర్వము ఈ బాధ్యత సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి పంక్తులు పేర్చిన కంపోజిటరుది. అతడు అచ్చుకూటమునుండి నిష్క్రమించిన పిదప ఆ భారము పరిశోధకుని తలపై పడినది గాని, ఆ విద్య అతనికి సంక్రమింపలేదు. ఆ విద్యను గణితరూపమున కంప్యూటరునకు నేర్పిన సంప్రదాయమే టెక్, దానిపై నిర్మితమైన లేటెక్.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు డొనాల్డ్ క్నూత్, 1977లో తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండవ సంపుటపు కొత్త కూర్పు ప్రూఫులను చూచి, లోహాక్షరముల నాటి సౌష్ఠవము ఫోటో పద్ధతిలో మాయమైనదని ఖిన్నుడై, గ్రంథరచనను ప్రక్కకు నెట్టి టెక్ అను కూర్పుసాధనమునే నిర్మింప బూనుకొనెను. కొలదికాలములో ముగియునని తలచిన ఆ పని ఏండ్ల తరబడి సాగినది.

సామాన్యమైన వర్డ్ ప్రాసెసరు పంక్తి నిండగానే దానిని తెంచి, వెనుకటి పంక్తుల విషయము మరల విచారింపక ముందునకు సాగును. టెక్ అట్లు చేయదు. క్నూత్, మైకెల్ ప్లాస్ 1981లో ప్రకటించిన విధానము ననుసరించి, ప్రత్యక్షరమును ఒక పెట్టెగాను, పదముల నడిమి ఎడమును సాగుటకును కుంచించుకొనుటకును వీలైన జిగురుగాను భావించి, పేరా యావత్తును ఎదుట నుంచుకొని, ఏయే చోట్ల తెంచినచో మితిమీరిన సాగుదలకును పదవిభజనకును విధించిన దండనల మొత్తము కనిష్ఠమగునో గణించి, అచ్చటనే తెంచును. తుదిపంక్తిలో ఒక పదము మార్చగా మొదటిపంక్తి సైతము మారుట కొత్తవారికి చిత్రముగా తోచును గాని, ఆ పుటల నిండుదనమునకు మూలమదియే. ఇంగ్లీషు పదములను ఎచ్చట విరువవచ్చునో నిర్ణయించు పద్ధతిని క్నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ ప్రతిపాదించినది 1983 నాటి తన సిద్ధాంతగ్రంథములోనే! టెక్‌లోని అల్పతమ ప్రమాణము అచ్చుకొలతయగు పాయింటులో 65,536వ వంతు. అంత సూక్ష్మత కంటికి అందదు గాని, పంక్తులు విరుచు లెక్క అంతయు పూర్ణసంఖ్యలతో సాగుటచే ఏ యంత్రముపై కూర్చినను పంక్తులు ఒక్కచోటనే విరుగును.

1980ల తొలిసంవత్సరములలో లెస్లీ లాంపోర్ట్ దీనిపై లేటెక్‌ను నిర్మించెను. ఇందు రచయిత ‘ఇది అధ్యాయము, ఇది ఉపశీర్షిక’ అని చెప్పి ఊరకుండును. అక్షరపరిమాణము, అంచులు, సంఖ్యలు వేరొక ఫైలులోని నియమములు చూచుకొనును. మూడవ అధ్యాయమును అయిదవదాని తరువాత పెట్టుమని పర్యవేక్షకులు ఆజ్ఞాపించినప్పుడు — ఆజ్ఞాపింపని పర్యవేక్షకులు అరుదు — సమీకరణములు, పట్టికలు, వానిని పేర్కొన్న వాక్యములు, విషయసూచికతో సహా తమంతట తామే సంఖ్యలు సవరించుకొనును. లేటెక్ మొదటి పర్యాయమున సంఖ్యలను ప్రక్క ఫైలులో వ్రాసికొని, తరువాతి పర్యాయమున చదివి నింపును గనుక ఒకటికి రెండుసార్లు నడుపవలెను. గ్రంథసూచిని బిబ్‌టెక్ అను తోడు సాధనము కూర్చును.

క్లేశములు లేకపోలేదు. ఒక్క కుండలీకరణము లోపించినను కూర్పు నిలిచిపోవును. దోషసందేశములు అనుభవజ్ఞులకు తప్ప బోధపడవు. తెలుగున వ్రాయువారికి 2004లో వెలువడిన జొనాథన్ క్యూ నిర్మితమగు జీటెక్ శరణ్యము. యూనికోడును నేరుగా స్వీకరించి, వత్తులను గుణింతములను ఫాంటు చెప్పినట్లు కూర్చును. అయితే వత్తులు క్రిందికి దిగును గనుక పంక్తుల ఎడమును పెంచుకొనవలెను. దీర్ఘసమాసములు అంచు దాటకుండ తెలుగు పదవిభజన సూత్రములను అమర్చుకొనవలెను. ఈ శ్రమ ఒక్కసారి చేసినదే, గ్రంథమంతటికిని చాలును.

క్నూత్ దోషములు దిద్దినప్పుడెల్ల టెక్ వెర్షను సంఖ్య గణితపు π (పై) విలువకు ఒక్కొక్క అంకె చేరువగును. 2021 నాటికి అది 3.141592653. సాధనము ఉచితము. నేర్వదలచిన పరిశోధకులు సమర్పణకు నెల మిగిలియుండగా కాక, మొదటి అధ్యాయముతోనే దీనిని చేపట్టుదురు గాక.