కప్పగుండెయు పలనాటి నీరును

పలనాటిలోని మా మాచవరము చుట్టుపట్ల నల్లరేగడి క్రింద కొంత లోతు త్రవ్వగనే చాలచోట్ల రాయి తగులును. ఆ రాయి సున్నపురాయి. పొరుగుననున్న పిడుగురాళ్లలో దానిని బట్టీలలో కాల్చి సున్నము చేయుదురు, మాచర్ల వైపున పొడిచేసి సిమెంటు చేయుదురు, పలకలుగా లేచిన నాపరాతిని ఇండ్ల ముంగిళ్లలో పఱచుకొందురు. ఈ రాళ్లలోనుండి ఊరివచ్చు బావినీటిలో పప్పు త్వరగా ఉడుకదనియు, నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుననియు మాకు చిన్ననాటినుండి తెలిసినదే. ఆ తెల్లని పొరలోనున్న కాల్షియమే కొఱవడినచో కప్పగుండె కొట్టుకొనదని, కప్పదే యననేల, మన గుండెయు కొట్టుకొనదని నాకు తెలిసినది మాత్రము జంతుశాస్త్ర ప్రయోగశాలలో అడుగుపెట్టిన పిదపనే.

ఆ సంగతిని లోకమునకు తెలిపినవాడు సిడ్నీ రింగర్ అను లండన్ వైద్యుడు. శరీరమునుండి వేరుచేసిన కప్పగుండెను ఉప్పునీటితో నడిపించుచు, ఏ లవణము దానిని నిలుపునో, ఏది ఆపునో పరీక్షించి, 1882లో అతడొక వ్యాసము ప్రకటించెను. మరుసటి యేడే దానిని తానే సవరించుకొనెను. స్వేదనజలముతో చేసినదని తాను నమ్మిన ద్రావణము నిజమునకు న్యూ రివర్ కంపెనీవారి కుళాయినీటితో చేయబడినదని అతనికి తెలియవచ్చెను. స్వేదనజలముతో మరల చేయించి చూడగా గుండె కొలదిసేపటికే బలము తఱిగి ఆగిపోయెను, రవ్వంత కాల్షియము చేర్చగనే తిరిగి కొట్టుకొనసాగెను. ఆ కుళాయినీరు హెర్ట్‌ఫర్డ్‌షైర్ సుద్దరాతి ఊటలలో పుట్టి లండనుకు వచ్చునది. మా బావినీటికి అది దూరపు చుట్టమే. తన మాటను తానే కాదని అచ్చువేయించిన ఆ రెండవ వ్యాసము మొదటిదానికంటె వేయిరెట్లు విలువైనదని నా అభిప్రాయము.

రింగర్ పేరిటనే నేటికిని వ్యవహరింపబడు ఆ ద్రావణమును చేయుట మాకు నేర్పిన మొదటి పని. లీటరు స్వేదనజలమునకు ఉప్పు 6.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 0.14 గ్రాము, కాల్షియం క్లోరైడు 0.12 గ్రాము, సోడియం బైకార్బొనేటు 0.2 గ్రాము, ఇంతియే. కాని కాల్షియమును కట్టకడపట, తక్కినవన్నియు బాగుగా కరిగిన పిదప, కలియద్రిప్పుచు మెల్లగా పోయవలెను. తొందరపడినచో అది బైకార్బొనేటుతో కూడి తెల్లని పొడియై అడుగున దిగును. ఆ పొడి మా పలనాటి రాయి తప్ప మఱియొకటి కాదు: కణమునకు ప్రాణమైనది మరల శిలయై పోవును. పిమ్మట తుంటినాడిని పిక్కకండరముతో కూడ వేరుచేయవలెను. నాడిని లోహముతో తాకక గాజు కొక్కెముతోనే ఎత్తుచు, ఆరనీయక ఆ ద్రావణముతో తడుపుచు, కండరపు కొనకు దారము కట్టి, పొగపట్టించిన డ్రమ్ముపై దాని ముడుపును గీతగా వ్రాయింపవలెను. ఒక ప్రాణిని బలిగొని చేయు పని గనుక ఇందు చేతి అలసత్వము కేవలము లోపము గాదు, అపరాధము.

ఆ గీతను చూచినపుడెల్ల నాకు మదిలో మెదలు ప్రశ్న యొకటే: ఈ ముడుచుకొను శక్తి ఎక్కడిది? కప్పకండరములపై పరిశోధించి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొన్న హిల్, మయర్‌హాఫ్‌ల కాలమున దానికి లాక్టికామ్లమే మూలమని పండితులు తలచుచుండిరి. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ భావమును కదల్చినవారిలో అగ్రగణ్యుడు. భాస్వరమును కొలుచుటకు వారిరువురు 1925లో ప్రకటించిన పద్ధతి ఫిస్కే–సుబ్బారో పద్ధతి యను పేర లోకమంతటను వ్యాపించినది. పరీక్షనాళికలో ఆ పద్ధతివలన పుట్టు నీలివర్ణము మెల్లగా చిక్కబడుచుండగా తెలుగువాని చేతిపనిని కన్నులార చూచుచున్నానని నా మనసు పొంగెడిది. ఆ పద్ధతితోనే 1927లో పిల్లికండరమున వారు ఫాస్ఫోక్రియాటిన్ అను భాస్వరయుక్త పదార్థమును గుర్తించిరి. ఇంచుమించుగా అదే సమయమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కప్పకండరమున ఆ పదార్థమునే కనుగొని ఫాస్ఫజెన్ అనిరి. 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డులో ఫిస్కే–సుబ్బారావులు వేర్వేరుగా ఏటీపీ (ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు) అను మఱియొక భాస్వరయుక్త పదార్థమును వెలువరించిరి. మరుసటి యేడు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ అయోడోఎసిటేటుతో విషమెక్కించిన కప్పకండరము లాక్టికామ్లము పుట్టకయే ముడుచుకొనుటయు, ఫాస్ఫోక్రియాటిన్ తఱిగినకొలది అలసిపోవుటయు చూపగా పాతవాదము కూలిపోయెను. ముడుచుకొను క్షణమున వ్యయమగునది ఏటీపీయే అని కెయిన్, డేవీస్‌లు నిస్సంశయముగా చూపినది 1962లో, అదియు కప్పకండరముననే. సుబ్బారావు 1948లోనే గతించెను. ఆ సాక్ష్యము వినుటకు ఆయన లేకపోయెనే యని నాకు నేటికిని బాధ.

కండరమును విడిచి చర్మమునకు వత్తము. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. ఆ చర్మకణములు శక్తిని వెచ్చించి సోడియమును లోనికి తోడుకొనునని కోపెన్‌హేగెన్‌లో ఉస్సింగ్ 1951లో కొలిచి చూపెను. ఎండకాలమున రాళ్ల క్రింద దాగు గోదురుకప్పజాతి ప్రాణుల మూత్రాశయమును పరీక్షించియే, నీటిని నిలుపు హార్మోను మన మూత్రపిండములలో పనిచేయు తీరును బోస్టన్‌లో అలెగ్జాండర్ లీఫ్ మొదలగువారు తఱచి చూచిరి. ఇక 1921లో ఆటో లోయీ ఒక కప్పగుండెకు పోవు నాడిని ప్రేరేపించి దాని వేగమును మందగింపజేసి, ఆ గుండెను తడిపిన ద్రావణమును మఱియొక గుండెపై పోయగా అదియు మందగించెను. ఆ ద్రావణములోని దూత ఎసిటైల్‌కోలిన్ అని పిదప తేలినది. మన ప్రత్తిచేలపై, మిరపతోటలపై చల్లు ప్రొఫెనోఫాస్ వంటి మందులు ఆ దూతను పని ముగియగనే తొలగించు ఎంజైమును స్తంభింపజేయును. పురుగును చంపునది అదియే. నీటినంతయు చర్మముతో లోగొను కప్పకు ఆ నీటితోడనే విషమును అందును.

కళాశాలలలో జంతువులను కోయుట 2014లో యూజీసీ మాన్పించెను. అది న్యాయమే, ఒకప్పుడు కత్తి పట్టిన చేతితోనే ఈ మాట వ్రాయుచున్నాను. కప్పకాళ్ల యెగుమతిని 1987లోనే దేశము నిషేధించినది. ప్రయోగశాలలోనుండియు, అంగడిలోనుండియు తప్పించుకొన్న ప్రాణి మా కుంటలలో చావరాదు. రైతు సోదరులారా, పిచికారీ పంపులను, మందుడబ్బాలను చెఱువులలో, కాలువలలో, కుంటలలో కడుగకుడు. కడిగిన నీటిని నీటిపట్టులకు దూరముగ చేనిలోనే పారబోయుడు.