మసి వెనక ప్రశ్న: బెర్ట్ విలియమ్స్ హాస్యం

ముఖానికి మసి పూసుకుని తెల్లవాళ్లను నవ్వించిన నల్లజాతి కళాకారుణ్ణి ప్రగతిశీల విమర్శ ఎలా అంచనా వెయ్యాలి? లొంగుబాటు అని ఒక్క మాటతో తేల్చెయ్యటం తేలిక. బెర్ట్ విలియమ్స్ (1874–1922) విషయంలో ఆ తీర్పు చాలదని నా అభిప్రాయం.

బహామా దీవుల్లో పుట్టి అమెరికా చేరిన విలియమ్స్‌కు 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ వాకర్ జతయ్యాడు. వాళ్లు దిగిన రంగం వాడెవిల్: పాట, ఆట, గారడీ, హాస్యం అన్నీ ఒకే టిక్కెట్టు మీద అమ్మే వ్యాపార రంగస్థలం. కాల్చిన బిరడా మసి పూసుకుని బానిసల నడకనూ యాసనూ వెక్కిరించటం 1830ల నుంచీ తెల్లనటులకు లాభసాటి బేరం. ఈ ఇద్దరూ జాతిని తిట్టే మాటనే తమ ప్రకటనలోకి ఎక్కించి, మేమే అసలు సరుకు అన్నారు. వాకర్ మసి పూసుకోలేదు, విలియమ్స్ పూసుకున్నాడు. 1903లో వాళ్ల ‘ఇన్ డహోమీ’, నల్లవాళ్లే రాసి, బాణీలు కట్టి, నటించిన సంగీతనాటకం, బ్రాడ్వేలో ఆడింది, లండన్ రాజభవనం దాకా వెళ్లింది. న్యూయార్కులో మాత్రం నల్లప్రేక్షకులకు పైగాలరీయే గతి.

ఇక 1905 నాటి ‘నోబడీ’ పాట. మాటలు అలెక్స్ రోజర్స్‌వి, బాణీ విలియమ్స్‌ది. కష్టం వచ్చినప్పుడు నన్ను ఆదుకున్నదెవరని ఒకడు తనలో తాను అడుక్కుంటాడు. ఎవరూ లేరు. కాబట్టి నేనూ ఎవరికీ ఏమీ చెయ్యను అంటాడు. విలియమ్స్ దీన్ని సగం మాటగా, సగం పాటగా, పరమ బద్ధకంగా సాగదీస్తాడు. వేషం జాతిని వెక్కిరించే పాత వేషమే. పాటలో మాత్రం జాతి మీద జోకు లేదు, ఆకలీ ఒంటరితనమూ ఉన్నాయి. ఆదుకోనివాళ్లెవరో హాల్లో కింద కూచున్నవాళ్లకు తట్టిందా? తట్టలేదు కాబట్టే ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పాడించుకున్నారు. రూపాన్ని మార్కెట్టు శాసించింది, వస్తువు దానికి ఎదురు తిరిగింది. ఈ వైరుధ్యాన్ని చూడకుండా మసిని మాత్రమే చూడటం పైపై విమర్శ.

అలాగని ఆయన్ను తిరుగుబాటుదారుగా నిలబెట్టటానికీ నేను సిద్ధంగా లేను. మసిని ఆయన చివరిదాకా కడుక్కోలేదు. ఆ విజయం వల్లనే అదే మూస తర్వాతివాళ్ల నెత్తిన మరికొంతకాలం కూచుంది. 1908లో నల్లజాతి కళాకారుల సంఘం ‘ఫ్రాగ్స్’ ఏర్పడితే అధ్యక్షుడు వాకర్. వాకర్ 1911లో పోయాక విలియమ్స్ ఒంటరివాడయ్యాడు. అప్పటికే, 1910లో, జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో చేరాడు. నల్లవాడి పక్కన ఆడమని కొందరు తెల్లనటులు బెదిరించారు. జీగ్‌ఫెల్డ్ లొంగలేదు. అది సౌహార్దమో, టిక్కెట్ల లెక్కో!

1916 నాటి ఆయన మూగచిత్రం ‘ఎ నేచురల్ బార్న్ గాంబ్లర్’ నేటికీ మిగిలింది. అందులో ఆయన జైలుగదిలో ఊహల్లోని మనుషులతో పేకాట ఆడతాడు, తానే పంచుకున్న ఆ ఆటలోనూ ఓడిపోతాడు. మసి పట్టించుకోకుండా ఆ చేతుల్ని చూడండి.

ఒక సంగతి మాత్రం నన్ను వదలటంలేదు. 1919 ఆగస్టులో న్యూయార్కు నటుల సంఘం ‘ఈక్విటీ’ పెద్ద సమ్మె చేసింది. ఆ రాత్రి విలియమ్స్ మామూలుగానే వచ్చి, వేషం వేసుకుని గదిలోంచి బయటికొస్తే హాలు ఖాళీగా ఉందని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. ఆయన సంఘ సభ్యుడు కాడు. సమ్మె అని చెప్పినవాళ్లూ లేరు. తోటి నటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ పూనుకున్నాకే సంఘం ఆయన్ను చేర్చుకుంది. ఆ సమ్మె న్యాయమైనదే. నడిపినవాళ్లూ శ్రామికుల పక్షమే.