చిరతలు పట్టిన చేయి

హరికథకు వెళ్తే నా చూపు ముందు కథ చెప్పే దాసుగారి చేతి మీదికే పోతుంది. బొటనవేలికి ఒక చిరత, మిగతా వేళ్ళకి ఒక చిరత. అరచేతిలో ఇమిడిపోయే రెండు కర్రముక్కలు, వాటికి గుచ్చిన చిన్న చిన్న బిళ్ళలు. వేళ్ళు మూస్తే కర్ర పలుకుతుంది, మణికట్టు అదిలిస్తే బిళ్ళలు మోగుతాయి. దెబ్బా గలగలా రెండూ ఒక్క చేతిలోనే దొరుకుతాయి కాబట్టి రెండో చేయి అభినయానికి మిగులుతుంది. ధ్రువుణ్ణి తండ్రి తొడ దగ్గర్నుంచి నెట్టేసే సవతితల్లి సురుచికి ఆ చేయే కావాలి. మరుక్షణం ఆ పసివాడి కన్నీళ్ళు తుడవడానికీ అదే.

ఇంత చిన్న పనిముట్టుతో ఎంత పని చేయించవచ్చో విజయనగరం ఆదిభట్ల నారాయణదాసుగారిలో చూసింది. ఆయన 1864లో బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో పుట్టారు. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడిగారి హరికథ విజయనగరంలో విని, 1883లో తానే ‘ధ్రువచరిత్ర’ రాసి చెప్పారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఊరికి వచ్చిన కళాకారుడు ఒక్క కథ చెప్పి వెళ్తే ఇక్కడ ఒక సంప్రదాయమే వేళ్ళూనుకుంది. రాసేదీ, రాగం కట్టేదీ, పాడేదీ, ఆడేదీ ఒక్కరే. దాదాపు అదే కాలంలో, 1885లో, కడప సీమలో మొదలైన సురభివారు తెరలూ సామగ్రీ మోసుకుంటూ ఊరూరా తిరిగారు. నారాయణదాసుగారి రంగస్థలం సామానంతా ఒక సంచీలో పట్టేది. తెర లేదు, వేషం మార్చడం లేదు. పట్టుపంచె, మెడలో దండ, కాళ్ళకు గజ్జెలు, పక్కన వాద్యగాళ్ళు, అంతే.

గజ్జెలు అలంకారమనుకునేవాళ్ళున్నారు. కాదు, అవి రెండో తాళయంత్రం. చెయ్యి ఒక నడకలో ఉంటే కాలు ఇంకో నడకలో ఉండవచ్చు. నారాయణదాసుగారిని లయబ్రహ్మ అనీ, పంచముఖి పరమేశ్వరుడనీ అన్నది ఇందుకే: రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి నడిపేవారు.

ఆ మాట విని ఊరికే అబ్బురపడి వదిలేస్తే ఆయన పనికి న్యాయం చేసినట్టు కాదు. ఒక లెక్క వేసి చూడండి. కుడిచేత్తో బల్ల మీద మూడేసి, ఎడంచేత్తో నాలుగేసి దెబ్బల ఆవృత్తం మొదలుపెడితే రెండూ మళ్ళీ కలిసేది పన్నెండు అక్షరాల (తాళపు దెబ్బల) తర్వాత. మామూలు మనిషికి ఇక్కడే చేతులు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఖండజాతి ఐదు కూడా చేరిస్తే కలయిక 60కి పోతుంది, మిశ్రం ఏడు చేరిస్తే 420కి. సంకీర్ణం తొమ్మిది కూడా కలిపితే ఐదు జాతులూ ఒక్కసారిగా మొదటి దెబ్బ మీద పడేది 1260 అక్షరాల తర్వాతే. అక్షరానికి అరసెకను చొప్పున వేసుకున్నా పదిన్నర నిమిషాలు. అంతసేపూ ఏ ఒక్క అవయవమూ పక్కదాని మాట వినకూడదు. అన్నీ కలిపి ఒక్క మనసు మాటే వినాలి.

అయినా నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ విన్యాసం కాదు, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియడం. వచనం వచ్చినప్పుడు కథ పరుగెడుతుంది. పద్యం వచ్చినప్పుడు తాళం తప్పుకుంటుంది, చిరతలు నోరు మూస్తాయి, గొంతు ఒక్కటే రాగం మీద సాగుతుంది. కీర్తన ఎత్తుకోగానే చేయి, కాలు, మృదంగం మళ్ళీ ఒక్కటవుతాయి. మైకులు లేని రోజుల్లో ఆరుబయట కూర్చున్న చివరి వరసదాకా మాట అందాలంటే ఈ అదలు బదలు తప్పదు. గొంతు ఒకే బరువును రాత్రంతా మోయలేదు కదా.

 

ఇక గోవింద నామం సంగతి. కథ నడుమ దాసుగారు హరినామం ఎత్తుకోగానే జనం ‘గోవిందా’ అంటారు. భక్తి సరే. ఆ ఒక్క క్షణంలో కునుకుతున్న ముసలాయన లేస్తాడు, ఏడుస్తున్న పిల్ల ఊరుకుంటుంది, వయొలిన్ తీగ సవరించుకుంటారు, దాసుగారు నిండుగా ఊపిరి తీసుకుంటారు. చిరతలు మళ్ళీ మూసుకుంటాయి.