తురాస్ పఠనంలో అల్-జాబిరీ పద్ధతి: సూత్రం, అన్వయం

1. ఉపోద్ఘాతం

పూర్వుల నుండి సంక్రమించిన జ్ఞానవారసత్వాన్ని అరబ్బీలో 'తురాస్' అంటారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ చేతిలో పరాజయం తరువాత ఆ వారసత్వాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న అరబ్బు మేధావుల ముందు తీవ్రంగా నిలిచింది. దానికి సమాధానం వెదికిన వారిలో మొరాకో తత్త్వవేత్త ముహమ్మద్ ఆబిద్ అల్-జాబిరీ (1935–2010) ప్రముఖులు. ఆయన సూత్రానికీ, అన్వయానికీ మధ్య ఉన్న అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. జాబిరీ సూత్రం

1984లో మొదలై 2001లో ముగిసిన 'అరబ్బు హేతువు విమర్శ' నాలుగు సంపుటాల రచన. ఇందులో జాబిరీ జ్ఞానమార్గాలను మూడుగా విభజించారు. భాష, ధర్మశాస్త్రాల వ్యాఖ్యానంపై సాగేది 'బయాన్'. అంతర్దర్శనాన్ని ప్రమాణంగా గ్రహించేది 'ఇర్ఫాన్'. తార్కిక నిరూపణను కోరేది 'బుర్హాన్'. గ్రంథాన్ని ముందుగా పాఠకుని అవసరాల నుండి వేరుచేసి దాని కాలంలో నిలిపి చదవాలని, ఆ తరువాతే వర్తమానంతో అనుసంధానించాలని ఆయన ప్రతిపాదించారు. గతాన్ని కీర్తించడంతో తృప్తిపడే ధోరణిని, దానిని పాశ్చాత్య ప్రమాణాలతోనే కొలిచే ధోరణిని ఈ సూత్రం ఒకేసారి ప్రశ్నించింది.

3. అన్వయంలోని సమస్య

ఇబ్న్ సీనా, గజాలీల ప్రభావంతో తూర్పు ప్రాంతాలలో హేతువు క్షీణించిందని, అండలూసియాకు చెందిన ఇబ్న్ రుష్ద్ (1126–1198) చింతనే నేటికి ఉపకరిస్తుందని జాబిరీ భావించారు. సిరియా విమర్శకుడు జార్జ్ తరాబీషీ 1996 నుండి వెలువరించిన సంపుటాలలో జాబిరీ ఆధారాలను పరీక్షించి, ఈ తూర్పు-పడమర విభజనను ఖండించారు.

ఈ వివాదానికి సంబంధించిన రెండు మూలగ్రంథాలు హైదరాబాదులో అచ్చయ్యాయి. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ అబుల్ బరకాత్ బగ్దాదీ 'కితాబుల్ ముఅతబర్'ను, ఫఖ్రుద్దీన్ రాజీ 'అల్-మబాహిసుల్ మష్రికియ్య'ను ప్రచురించింది. రచయితలిద్దరూ తూర్పువారే, 1111లో గజాలీ మరణించిన తరువాత కూడా తత్త్వచర్చను కొనసాగించినవారే. కాలం చలనానికి కొలత అన్న అరిస్టాటిల్ మతాన్ని అబుల్ బరకాత్ నిరాకరించి, దానిని అస్తిత్వానికి కొలతగా నిర్వచించారు. రాజీ ఇబ్న్ సీనా వాదాలను క్రమబద్ధం చేస్తూనే వాటిపై ఆక్షేపణలు లేవనెత్తారు. జాబిరీ నిర్వచనం ప్రకారమే ఇవి బుర్హాన్ లక్షణాలు.

జాబిరీ లక్ష్యం చరిత్ర రచన కాదని, నేటికి పనికివచ్చే సంప్రదాయాన్ని ఎంపిక చేయడమేనని ఆయన పక్షాన వాదించవచ్చు. అయితే అవసరం కంటే ముందు గ్రంథాన్ని దాని కాలంలో చదవాలన్నది ఆయన నియమమే. ఇక్కడ ఎంపిక ముందు జరిగి, పఠనం దానిని అనుసరించింది.

4. ముగింపు

వర్గీకరణ పరిశోధనకు ఆరంభం కావాలి గాని తీర్పు కారాదు. జాబిరీ సూత్రాన్ని నిరాకరించవలసిన పని లేదు. దానిని ఆయన నిర్ణయాలకు కూడా వర్తింపజేయాలి. అప్పుడే ఇబ్న్ రుష్ద్ పక్కన అబుల్ బరకాత్‌కు, రాజీకి న్యాయమైన స్థానం దక్కుతుంది.