ఎఱ్ఱ జాబితాలో బావురుపిల్లి, బోదురుకప్ప

ఏ ప్రాణికి ఎంత ముప్పు కలదో తెలుపుచు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి 1964 నుండి ఎఱ్ఱ జాబితాను ప్రకటించుచున్నది. దీనిని తుది తీర్పుగా భావించువారు పెక్కుమంది. అది ఎంతవరకు సరియో కృష్ణా డెల్టాలోని రెండు జీవులను పోల్చి పరిశీలింతము.

మొదటిది బావురుపిల్లి. ఈ క్షీరదము రేపల్లెకు దిగువన, కృష్ణ సముద్రములో కలియు చోట, మడ అడవులలో నివసించును. వ్రేళ్ళ నడుమ కొంతమేర చర్మపు పొర, తడి లోనికి చేరనీయని దట్టమైన లోబొచ్చు దీనికి చేపల వేటలో తోడ్పడును. మడ అడవులు రొయ్యల చెఱువులుగా మాఱిన కొలది దీనికి తావు తగ్గుచున్నది. 2016 నుండి జాబితా దీనిని 'దుర్బల' తరగతిలో ఉంచినది.

రెండవది ఉభయచరమైన బోదురుకప్ప. చుండూరు, తెనాలి ప్రాంతముల వరిమళ్ళలో తొలకరి వానలకు బెకబెకలాడునది ఇదియే. ఒకప్పుడు దీని కాళ్ళు మన దేశమునుండి ఏటా వేల టన్నులు ఐరోపా, అమెరికాలకు ఎగుమతి అయ్యెడివి. పైరును తిను పురుగులను ఈ కప్ప భక్షించును. కనుక వ్యాపారులకు వచ్చిన లాభము రైతుకు నష్టమైనది. 1987లో ఎగుమతి నిషేధింపబడినది. అయినను జాబితాలో దీనిది 'స్వల్ప ఆందోళన' తరగతి. అంతేకాదు, మనుష్యుల వెంట అండమాను దీవులకు చేరి, అచటి కప్పలకు ఇదియే ముప్పుగా పరిణమించినది!

జాబితా గుణము మెచ్చదగినది. పిల్లికైనను కప్పకైనను అవే ఐదు ప్రమాణములు. అందువలననే 2023లో 8,011 ఉభయచర జాతులను పరిశీలింపగా, నూటికి దాదాపు 41 ముప్పులో నున్నవని తేలినది. క్షీరదములలో ఇది సుమారు 27 మాత్రమే.

లోపమెక్కడ? జాబితా కొలుచునది జాతినంతటిని, ఊరిని కాదు. పాకిస్తాను నుండి మయన్మారు వరకు వ్యాపించిన బోదురుకప్ప మన మండలములో అంతరించినను దాని తరగతి మాఱదు. పైగా, బావురుపిల్లులను ఒంటిమీది మచ్చలనుబట్టి ఛాయాచిత్రములలో ఒక్కొక్కటిగా గుర్తింపవచ్చును. వానకు వెలువడి, ఎండకు మట్టిలో దాగు కప్పలను అట్లు లెక్కించుట కష్టము. చర్మముతో కూడ శ్వాసించు జీవి గనుక, పొలములోని పురుగుమందు దాని శరీరములోనికి సులభముగా చేరును.

కావున 'స్వల్ప ఆందోళన' అనగా ఆందోళన లేదని బోధింపరాదు. ఉపాధ్యాయులు ఏటేట తొలకరి రాత్రులలో ఏ మడుగునుండి కప్పల అరుపులు వినవచ్చినవో, ఎచట వినరాలేదో విద్యార్థులచే తేదీలతో వ్రాయింపవలెను. పది సంవత్సరములు సాగినచో, జాబితా చెప్పజాలని మన ఊరి సంగతి ఆ పుస్తకము చెప్పగలదు.